ఇంట్ అడిగితే స్ట్రింగ్ ఇచ్చారట!

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా పీహెచ్‌పీ (వెబ్‌సైట్ల వెనక నడిచే ప్రోగ్రామింగ్ భాష) రాసేవాళ్ల నుంచే వచ్చాయి. అందులోనూ చాలామంది బాధ ఒకటే: ‘‘కోడ్ నడుస్తూనే ఉంది, టూల్ మాత్రం తప్పు తప్పు అంటోంది.’’ అందుకని ఈ సంచికలో నా పేజీలన్నీ దానికే. జావా, పైథాన్ వాళ్లు కోప్పడకండి. మీ ఉత్తరాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. పీజీ హాస్టళ్లకు అద్దెలు, అడ్వాన్సులు, కరెంటు వాటాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మాది. పీహెచ్‌పీ 8.2లో ఉంది. ఈమధ్య పీహెచ్‌పీస్టాన్ (కోడ్‌లో తప్పులు పట్టే టూల్) పెట్టాం. అది ఎంత కఠినంగా చూడాలో లెవెల్ అంకె చెబుతుంది. లెవెల్ 4 దాకా పెద్దగా గొడవ లేదు. లెవెల్ 5 పెట్టగానే ‘ఒకటో పారామీటర్‌కు ఇంట్ కావాలి, స్ట్రింగ్ ఇచ్చారు’ (పూర్ణ సంఖ్య అడిగితే అక్షరాల వరుస ఇచ్చారని) అంటూ టెర్మినల్ నిండిపోయింది. మా టీమ్ లీడ్ గారు అన్నిచోట్లా ముందర ఇంట్ కాస్ట్ (విలువను బలవంతంగా ఇంట్‌గా మార్చే గుర్తు) తగిలించేయమంటున్నారు, రెండు రోజుల్లో అయిపోతుందట. సాఫ్ట్‌వేర్ ఏమో బాగానే నడుస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక డెవలపర్, మారతహళ్లి

జవాబు: అన్నిచోట్లా కళ్లు మూసుకుని మాత్రం పెట్టకండి. ఎందుకో మీ పీజీ లెక్కలతోనే చెబుతాను.

మీ ఫైళ్ల మొదట్లో స్ట్రిక్ట్ టైప్స్ డిక్లరేషన్ (రకాలు కచ్చితంగా చూడమని చెప్పే లైన్) లేదనుకుంటాను. అది లేకపోతే పీహెచ్‌పీకి మొహమాటం ఎక్కువ. ఇంట్ అడిగిన ఫంక్షన్‌కు కోట్స్‌లో ఉన్న 850 ఇచ్చినా, అంకెలే కదా అని తనే సంఖ్యగా మార్చుకుని లోపలికి రానిస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ‘బాగానే నడుస్తోంది’ అని మీరంటున్నది దీన్నే. పీహెచ్‌పీస్టాన్‌కు ఆ మొహమాటం లేదు. అది కోడ్‌ను నడపదు, చదువుతుంది. ఫంక్షన్ సిగ్నేచర్‌లో ఏ రకం అడిగారో చూసుకుని, పిలిచినచోట అందుతున్న విలువ ఏ రకమో అది పుట్టిన లైన్ దాకా వెనక్కి వెళ్లి తేల్చుకుంటుంది. రెండూ పొసగకపోతే లెవెల్ 5 నుంచి చెబుతుంది. ఆ కింది లెవెళ్లలో లేని ఫంక్షన్‌ను పిలిచారా, ఆర్గ్యుమెంట్లు (పిలిచేచోట ఇచ్చే విలువలు) ఎన్ని ఇచ్చారు వంటివి చూస్తుందే గానీ ఇచ్చినవి ఏ రకమో అడగదు. లెవెల్ 4 దాకా మీకు ప్రశాంతంగా ఉన్నది అందుకే.

ఇప్పుడు అసలు సంగతి. మీలాంటి సాఫ్ట్‌వేరే వాడే ఒక పీజీ యజమాని నాకు తెలుసు. నెల్లూరు వైపు మనిషి. ఒకరోజు ఫోన్ చేసి, ‘‘ఏమ్మా, మూడో అంతస్తు కుర్రాడి బాకీ పన్నెండు రూపాయలని చూపిస్తోంది. వాడు అసలు ఈ నెల అద్దే కట్టలేదు’’ అన్నారు. అద్దె 12,500. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాళ్లు కోడ్ తెరిచి చూపించారు. తెర మీద అందంగా కనబడాలని మొత్తాన్ని నంబర్ ఫార్మాట్ ఫంక్షన్‌కు ఇచ్చారు. దాన్నుంచి వచ్చేది సంఖ్య కాదు, కామాతో సహా ఒక స్ట్రింగ్. అదే వేరియబుల్‌ను కిందికి దించుకుని బాకీ లెక్కగట్టే ఫంక్షన్‌కు పంపారు. అక్కడ ఏదో ఎర్రర్ వస్తోందని ఎవరో ముందు ఇంట్ కాస్ట్ తగిలించారు. కాస్ట్ ఏం చేస్తుందంటే, ఎడమ నుంచి అంకెలు చదువుకుంటూ వచ్చి కామా తగలగానే ఆగిపోతుంది. చేతికి 12 వస్తుంది. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే కాస్ట్ ఎప్పుడూ కాదనదు. ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా, ‘రమేష్’ అని ఇచ్చినా సున్నా చేతిలో పెట్టి పంపిస్తుంది.

ఇది టెస్టింగ్‌లో ఎలా తప్పించుకుందో చూడండి. టెస్ట్ డేటాలో అద్దెలన్నీ 500, 800 అని రాసుకున్నారు. వెయ్యి లోపు సంఖ్యకు నంబర్ ఫార్మాట్ కామా పెట్టదు. అందుకని కరెంటు వాటా 850 సరిగ్గా వస్తుంది, వై-ఫై 300 సరిగ్గా వస్తుంది, అద్దె దగ్గరికి వచ్చేసరికి లెక్క మునిగిపోతుంది. బెంగళూరులో ఐదు వందలకు పీజీ ఏ వీధిలో దొరుకుతుందో ఆ టెస్ట్ రాసినవాళ్లే చెప్పాలి.

కాస్ట్ పెట్టకముందు ఆ లైన్‌ను పీహెచ్‌పీస్టాన్‌కు చూపించి ఉంటే సరిగ్గా మీకు వచ్చిన మాటే అనేది: ఇంట్ కావాలి, స్ట్రింగ్ ఇచ్చారు. ఇక్కడ దిద్దాల్సింది ఆ లైన్ కాదు. డబ్బు ఎక్కడ స్ట్రింగ్ అయిందో ఆ లైన్. చూపించడానికి ఒక వేరియబుల్, లెక్కకు ఒక వేరియబుల్ పెట్టుకుంటే గొడవ అక్కడే తీరిపోతుంది.

కాబట్టి మీ ఎర్రర్లను ఫైళ్ల వారీగా పంచుకోకండి. ఆ స్ట్రింగ్ ఎక్కడ పుట్టిందో దాన్నిబట్టి విడదీయండి. నా అనుభవంలో వందల ఎర్రర్లు కనబడినా మూలాలు కొన్నే ఉంటాయి. నెలలో రోజులెన్ని అని డేట్ ఫంక్షన్‌ను అడిగారనుకోండి, అది 30ని కూడా స్ట్రింగ్‌గానే ఇస్తుంది. అక్కడ ఇంట్ కాస్ట్ పెట్టండి, తప్పేమీ లేదు, అందులో అంకెలు తప్ప ఇంకేమీ రావు. ‘ఇంట్ కావాలి, ఫ్లోట్ ఇచ్చారు’ (ఫ్లోట్ అంటే దశాంశ సంఖ్య) అని వచ్చినచోట చూడండి, ఫ్లోర్ గానీ రౌండ్ గానీ వాడి ఉంటారు. అవి పూర్ణ సంఖ్యను కూడా ఫ్లోట్‌గానే ఇస్తాయి. అక్కడా కాస్ట్ సరే. మనిషి టైప్ చేసిన దాని మీద, తెర కోసం సింగారించిన దాని మీద మాత్రం వద్దు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. లెవెల్ 5లో టూల్ అరిచిన చోట్లకంటే అరవని చోట్ల ప్రమాదం ఎక్కువ. ఫారమ్ నుంచి పోస్ట్‌లో నేరుగా తీసుకున్న విలువ రకం ఏమిటో పీహెచ్‌పీస్టాన్‌కు తెలియదు, దాన్ని మిక్స్‌డ్ (ఏ రకమైనా కావచ్చు) అంటుంది. డేటాబేస్ నుంచి పీడీఓ (డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ భాగం) ఫెచ్‌తో తెచ్చిన వరుస కూడా అంతే. మిక్స్‌డ్ విలువను ఇంట్ అడిగిన ఫంక్షన్‌కు ఇస్తే లెవెల్ 9 వచ్చేదాకా అది నోరెత్తదు. అంటే యజమాని గారు ఫారమ్‌లో స్వయంగా కామా పెట్టి 12,500 అని కొడితే మీ లెవెల్ 5 దాన్ని పట్టదు. అలాంటి విలువలు గడప దాటి లోపలికి వచ్చేచోటే ఆపండి. ఫిల్టర్ వార్ ఫంక్షన్‌లో ఇంట్ వ్యాలిడేషన్ వాడితే కామా ఉన్న స్ట్రింగ్‌కు ఫాల్స్ (‘కాదు’ అనే జవాబు) వస్తుంది, మంచిదే. అప్పుడు ‘కామా లేకుండా కొట్టండి’ అని చెప్పండి, లేదా కామాలను మీరే తీసేసి మళ్లీ పరీక్షించండి. ఏదో ఒకటి నిర్ణయించుకుని ఒకేచోట రాయండి.

ఆ ఫాల్స్‌ను చూసుకోకుండా ఫంక్షన్‌లోకి పంపేస్తే? ‘ఇంట్ లేదా ఫాల్స్’ అనే కలగలుపు రకాన్ని లెవెల్ 5 వదిలేస్తుంది, సగం సరిపోయింది కదా అని. లెవెల్ 7 వదలదు. నల్ (అసలు విలువే లేకపోవడం) రాగల విలువల సంగతి లెవెల్ 8లో. అందుకే 5 దగ్గర ఇల్లు కట్టుకోవద్దంటాను. మీ సైజు టీమ్‌కు 8 దాకా వెళ్తే పెట్టిన కష్టానికి ఫలితం కనబడుతుంది. 9, 10 కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టులకు దాచుకోండి.

లీడ్ గారితో వాదన పెట్టుకోకండి. 12,500 స్ట్రింగ్‌ను ఇంట్‌కు కాస్ట్ చేసి ఆయన ముందు ప్రింట్ చేయండి చాలు.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ప్రతి ఫైల్‌లోనూ స్ట్రిక్ట్ టైప్స్ ఒకటి అని పెట్టాం. తప్పు రకం ఇస్తే పీహెచ్‌పీయే టైప్ ఎర్రర్ విసురుతుంది. మళ్లీ ఈ స్టాటిక్ ఎనాలిసిస్ (కోడ్‌ను నడపకుండా పరీక్షించడం) అదనపు బరువు కాదా?
— టెక్ లీడ్, వైట్‌ఫీల్డ్

జవాబు: విసురుతుంది, నిజమే. ఎప్పుడు విసురుతుంది? ఆ లైన్ నడిచినప్పుడు. ఏడాదికి ఒకసారి మార్చి 31 రాత్రి నడిచే రిపోర్టులో తప్పు ఉంటే మార్చి 31 రాత్రే విసురుతుంది. ఎనాలిసిస్ అదే మాటను మీరు ఫైల్ సేవ్ చేసిన పూట చెబుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ డిక్లరేషన్ ఏ ఫైల్‌లో ఉండాలన్నది చాలామంది తిరగేసి అనుకుంటారు. ఆర్గ్యుమెంట్ల విషయంలో లెక్కలోకి వచ్చేది ఫంక్షన్ రాసిన ఫైల్ కాదు, పిలిచే ఫైల్. మీ సర్వీస్ క్లాస్‌లో ఎంత కచ్చితంగా పెట్టుకున్నా, డిక్లరేషన్ లేని పాత కంట్రోలర్ ఫైల్ నుంచి పిలిస్తే మొహమాటం పద్ధతే నడుస్తుంది. అర్రే మ్యాప్ లాంటి పీహెచ్‌పీ సొంత ఫంక్షన్లు మీ కాల్‌బ్యాక్‌ను (మీరు వాటికి అప్పగించిన ఫంక్షన్‌ను) పిలిచినప్పుడూ అంతే, ఆ పిలుపుకు మీ డిక్లరేషన్ వర్తించదు. పీహెచ్‌పీస్టాన్ మాత్రం డిక్లరేషన్ ఉన్నా లేకపోయినా ఇంట్ దగ్గర స్ట్రింగ్ కనబడితే చెబుతుంది. రెండూ ఉంచండి. ఇంట్‌ను ఫ్లోట్ అడిగినచోట ఇవ్వడం ఒక్కటే స్ట్రిక్ట్ పద్ధతిలోనూ చెల్లే మినహాయింపు. అది మరిచిపోయి, ఎర్రర్ రాలేదేమిటని నాకు ఉత్తరం రాసినవాళ్లున్నారు.

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం పీహెచ్‌పీ 7.4 నుంచి 8.3కి మారుతున్నాం. సైట్ నడుస్తోంది గానీ లాగ్ ఫైల్ మాత్రం గంటగంటకూ ఉబ్బిపోతోంది. అన్నీ ఒకటే పాట: ‘స్ట్రింగ్ రకం పారామీటర్‌కు నల్ ఇవ్వడం డిప్రికేటెడ్’ (ఇకపై వాడొద్దని) అని. ఎక్కువగా హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్, ట్రిమ్, స్టర్‌లెన్ దగ్గర. లాగ్‌లో ఒక్కొక్కటే చూసుకుంటూ దిద్దుతుంటే తల తిరుగుతోంది. వేరే దారి లేదా?
— ఒక తమ్ముడు, కోరమంగళ

జవాబు: తమ్ముడూ, లాగ్ వెంట పరిగెత్తకు. ఎవరైనా ఆ పేజీ తెరిస్తేనే లాగ్‌లోకి వస్తుంది, తెరవని పేజీల సంగతి నీకు ఎప్పటికీ తెలియదు. పీహెచ్‌పీస్టాన్‌ను లెవెల్ 8లో పెట్టి ‘నల్ ఇచ్చారు’ అన్న ఎర్రర్లు మాత్రమే ముందు ఏరుకో. మొత్తం జాబితా ఒక్కసారే చేతికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకో. డేటాబేస్ నుంచి మిక్స్‌డ్‌గా వచ్చేవి ఇందులో కనబడవు, మోడల్ ప్రాపర్టీలకు ‘స్ట్రింగ్ లేదా నల్’ అని రకాలు రాసి ఉంటేనే కనబడతాయి. లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) అయితే లారాస్టాన్ (దానికోసం పీహెచ్‌పీస్టాన్‌కు జతచేసేది) వాడు, మోడల్ కాలమ్‌ల రకాలను మైగ్రేషన్ ఫైళ్లు (డేటాబేస్ మార్పులు రాసుకునేవి) చదివి అదే కొంత తెలుసుకుంటుంది.

ఇది ఎందుకొచ్చిందో కూడా చెబుతాను, తెలిస్తే విసుగు తగ్గుతుంది. మనం రాసుకున్న ఫంక్షన్ స్ట్రింగ్ అడిగితే, దానికి నల్ ఇస్తే 7.0 నుంచీ టైప్ ఎర్రరే. పీహెచ్‌పీ లోపలి ఫంక్షన్లకు మాత్రం పాత అలవాటు కొద్దీ నల్ ఇచ్చినా ఖాళీ స్ట్రింగ్ అనుకుని సర్దుకునేవి. ఒకే భాషలో రెండు న్యాయాలన్నమాట. 2021లో వచ్చిన 8.1 ఈ రెండో దాన్ని డిప్రికేట్ చేసింది. ఇంకా ఆగిపోలేదు, ముందుముందు ఆగిపోతుందని హెచ్చరిక.

దిద్దేటప్పుడు అన్నిచోట్లా ప్రశ్నార్థకాలు రెండు (‘నల్ అయితే బదులు ఇది తీసుకో’ అనే గుర్తు) పెట్టి ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేయాలనిపిస్తుంది. తెర మీద చూపించే చోట ఇచ్చేయి, ఫరవాలేదు. ఇంటి నంబర్ లేనివాళ్లకు ఆ గడి ఖాళీగా కనబడుతుంది, అంతే. ఎస్‌ఎమ్‌ఎస్ పంపే ఫంక్షన్‌కు ఫోన్ నంబర్ ఇచ్చేచోట మాత్రం అలా చేయకు. అక్కడ నల్ అంటే ‘ఈ మనిషికి నంబర్ లేదు’ అని. ఖాళీ స్ట్రింగ్‌కు మెసేజ్ పంపడం కాదు చేయాల్సింది, పంపకుండా వెనక్కి తిరగడం.

ఒక సంగతి మెచ్చుకోవాలి. 7.4కు 2022 నవంబర్ 28తో సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. ఆలస్యంగానైనా మీ మేనేజర్ కదిలారు. ఈ లాగ్ చూసి ఆయన వెనక్కి లాగకముందే పని కానివ్వు.

ప్రశ్న: అయ్యా/అమ్మా, మాది చెన్నైలో చిన్న సంస్థ. చాలా ఏళ్ల నాటి కోడ్. అది రాసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. లెవెల్ 5 పెడితే వేలల్లో ఎర్రర్లు వచ్చాయి. అవన్నీ దిద్దడానికి మాకు మనుషులూ లేరు, డబ్బూ లేదు. టూల్ తీసేద్దామా?
— సంస్థ యజమాని, అంబత్తూరు

జవాబు: అమ్మానేనండి. తీసేయకండి, బేస్‌లైన్ వాడండి. పీహెచ్‌పీస్టాన్‌లో జెనరేట్ బేస్‌లైన్ అనే ఆప్షన్ ఉంది. ఈరోజు ఉన్న ఎర్రర్లన్నిటినీ ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది. రేపటి నుంచి వాటి గురించి మాట్లాడదు, కొత్తగా రాసిన కోడ్‌లో వచ్చినవే చెబుతుంది. పాతవాటిలో ఒకటి మీవాళ్లు దిద్దితే, ‘జాబితాలో ఉన్నది ఇప్పుడు కనబడలేదు, దాన్ని తీసేయండి’ అని అదే గుర్తు చేస్తుంది. అలా జాబితా తగ్గుతూ పోతుంది.

ఇందులో మోసం ఒక్కచోటే జరుగుతుంది. కొత్త ఎర్రర్ రాగానే తొందరలో మళ్లీ బేస్‌లైన్ జెనరేట్ చేసేస్తారు. టూల్ పచ్చగా కనబడుతుంది, జాబితా లోపల పెరుగుతూ ఉంటుంది. ఆ ఫైల్ గిట్‌లో (కోడ్ మార్పుల చిట్టాలో) ఎన్ని లైన్లు పెరిగిందో మీరు యజమానిగా నెలకోసారి చూడండి. కోడ్ రాకపోయినా ఇది చూడవచ్చు.

బిల్లింగ్, జీఎస్టీ లెక్కగట్టే ఫోల్డర్ ఏదో దానికి మాత్రం బేస్‌లైన్ వద్దు. అక్కడివి దిద్దించండి. మిగతా కోడ్ అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: ఫంక్షన్‌కు అర్రే (కీలు, వాటి విలువల జాబితా) ఇస్తున్నాం. రకం సరిపోయింది, టూల్ ఏమీ అనలేదు. కానీ లోపల ఉండాల్సిన కీ లేక సైట్ పడిపోయింది. ఇది పట్టలేనప్పుడు ఈ టూల్ ఎందుకు?
— బొమ్మనహళ్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు అర్రే అని మాత్రమే చెప్పారు, అర్రే వచ్చింది. లోపల ఏముండాలో చెప్పలేదు. పీహెచ్‌పీ భాషలో ఆ మాట చెప్పే వీలు లేదు కూడా. పీహెచ్‌పీడాక్ కామెంట్‌లో (టూల్స్ చదవగల పద్ధతిలో రాసే వ్యాఖ్యలో) చెప్పాలి. ‘ఐడీ అనే కీలో ఇంట్, పేరు అనే కీలో స్ట్రింగ్ ఉన్న అర్రే’ అని ఆకారం రాయవచ్చు, ‘ఇంట్‌ల జాబితా’ అనీ రాయవచ్చు. అప్పుడు కీ తప్పినా, ఐడీలో స్ట్రింగ్ పెట్టినా ఆర్గ్యుమెంట్ దగ్గరే పట్టుకుంటుంది. లెవెల్ 6 పెడితే, లోపల ఏముందో చెప్పని ప్రతి అర్రే దగ్గరా ఆగి అడుగుతుంది. మొదట్లో విసుగొస్తుంది, తట్టుకోండి.

కామెంట్ల విషయంలో ఒక జాగ్రత్త. ఫంక్షన్ మధ్యలో వార్ అని కామెంట్ పెట్టి ‘ఇది ఇంట్’ అని రాస్తే పీహెచ్‌పీస్టాన్ చాలాసార్లు మీ మాట నమ్మేస్తుంది. నడిచేటప్పుడు పీహెచ్‌పీ ఆ కామెంట్ వైపు కూడా చూడదు. ఉప్పు డబ్బా మీద పంచదార అని చీటీ అంటించినట్టే ఇది: చీటీ చదివినవాళ్లు నమ్ముతారు, కాఫీ తాగినవాళ్లకు తెలుస్తుంది. ఎర్రర్ పోగొట్టడానికి ఇలా వార్ కామెంట్లు పెట్టిన కోడ్ నా దగ్గరికి రివ్యూకు వస్తే నేను పాస్ చేయను. ఆకారం స్థిరంగా ఉండే అర్రే అయితే కామెంట్ బదులు చిన్న క్లాస్ రాసేయండి. 7.4 నుంచి ప్రాపర్టీలకు రకాలు రాయవచ్చు, తప్పు పెడితే పీహెచ్‌పీయే ఒప్పుకోదు.

ప్రశ్న: లేట్ ఫీ ఫంక్షన్‌కు ముందు అద్దె, తర్వాత రోజులు ఇవ్వాలి. మా జూనియర్ తిరగేసి ఇచ్చాడు. రెండూ ఇంట్‌లే. లెవెల్ 8లో కూడా పట్టలేదు. 10 పెడితే పడుతుందా?
— ఇందిరానగర్ నుంచి ఒక సీనియర్ డెవలపర్

జవాబు: పట్టదు. రెండూ ఇంట్‌లైనప్పుడు ఏది అద్దో ఏది రోజులో దానికెలా తెలుస్తుంది? ఈ జబ్బు పీహెచ్‌పీ సొంత ఫంక్షన్లకే ఉంది. ఇన్ అర్రేలో వెతికేది ముందు, వెతికే చోటు తర్వాత. స్టర్‌పాస్‌లో వెతికే చోటు ముందు, వెతికేది తర్వాత. ఇన్ అర్రేను తిరగేస్తే రెండో ఆర్గ్యుమెంట్‌గా అర్రే రాదు గనక పట్టుబడతారు. స్టర్‌పాస్‌లో రెండూ స్ట్రింగులే, తిరగేసినా ఎవరూ ఏమీ అనరు, జవాబు మాత్రం తప్పు. ఇంప్లోడ్ ఒకప్పుడు రెండు వరుసలూ ఒప్పుకునేది. 7.4లో తిరగేసిన వరుసను డిప్రికేట్ చేసి 8.0లో తీసేశారు.

మీకు దారులు రెండు. 8.0 నుంచి నేమ్‌డ్ ఆర్గ్యుమెంట్లు ఉన్నాయి. పిలిచేచోట అద్దె ఇది, రోజులు ఇవి అని పేరు పెట్టి రాయిస్తే వరుసతో పని లేదు. ఖర్చు లేని దారి, కానీ జూనియర్‌కు గుర్తుండాలి. రెండోది, డబ్బుకు ఒక చిన్న క్లాస్ రాయండి. ఫంక్షన్ ఆ క్లాస్‌ను అడిగితే, రోజులు ఇచ్చినవాడికి లెవెల్ 5లోనే ఎర్రర్ వస్తుంది, ఎడిటర్‌లో ఎర్రగీత కూడా పడుతుంది. ప్రతి ఇంట్‌కూ క్లాస్ రాయమనడం లేదు, అది ఇంకో పిచ్చి. డబ్బుకు మాత్రం తప్పకుండా రాయండి, లోపల పైసల్లో దాచుకోండి.

క్లాస్ వద్దనుకుంటే డాక్ కామెంట్‌లో రోజుల పారామీటర్‌కు ‘ఒకటి నుంచి 31 మధ్య ఇంట్’ అని హద్దు రాయవచ్చు, పీహెచ్‌పీస్టాన్‌కు ఆ భాష తెలుసు. 12,500 అని నేరుగా అంకె రాసి తిరగేస్తే పట్టేస్తుంది. లెక్కగట్టి వచ్చిన ఇంట్ అయితే లెవెల్ 7 నుంచి, ఆ హద్దులో ఉంటుందని ముందే పరీక్షించమంటుంది. ఆ పరీక్ష రాసేటప్పుడైనా చేతిలో ఉన్నది రోజులా అద్దా అని మనిషి చూసుకుంటాడు.

ప్రశ్న: ఇంటర్వ్యూలకు తయారవుతున్నాను. పీహెచ్‌పీస్టాన్ నేర్చుకోవాలా, సామ్ (అలాంటిదే ఇంకో టూల్) నేర్చుకోవాలా? పీహెచ్‌పీకి టైప్స్ ఉన్నాయంటే రూమ్మేట్లు నవ్వుతున్నారు.
— బీటీఎం లేఅవుట్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: నవ్వనివ్వమ్మా. క్లాస్ రకాలు పారామీటర్‌లో రాయడం 2004లో 5.0తోనే వచ్చింది. ఇంట్, స్ట్రింగ్ వంటివి 2015 డిసెంబర్‌లో 7.0తో వచ్చాయి. ప్రాపర్టీ రకాలు 2019లో, యూనియన్ రకాలు (‘ఇంట్ లేదా స్ట్రింగ్’ వంటివి) 2020లో, ఈనమ్‌లు (నిర్ణీత విలువల జాబితాలు) 2021లో. వాళ్లు నవ్వుతున్నది ఇరవయ్యేళ్ల నాటి భాషను చూసి.

పీహెచ్‌పీస్టాన్‌తో మొదలుపెట్టు. చెక్ దేశస్థుడు ఒండ్రేయ్ మిర్టెస్ 2016లో విడుదల చేసింది. సామ్ విమియో సంస్థలో పుట్టింది. ఒకటి వస్తే రెండోది తేలిగ్గానే వస్తుంది, అడిగేవి దాదాపు అవే. ఒక్కచోట తికమకపడతావు: పీహెచ్‌పీస్టాన్‌లో అంకె పెరిగేకొద్దీ కఠినం, సామ్‌లో 1 అన్నిటికంటే కఠినం, 8 మెతక. ఫాన్ అని ఇంకోటుంది, దాన్ని మొదలుపెట్టింది పీహెచ్‌పీని సృష్టించిన రాస్మస్ లెర్డార్ఫే. ఇంటర్వ్యూలో ఈ పేర్లు అప్పజెప్పకు. నీ కాలేజీ ప్రాజెక్టు మీద లెవెల్ 5 నడిపి, వచ్చిన ఒక ఎర్రర్‌ను ఎలా దిద్దావో చెప్పు.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లలో పీహెచ్‌పీస్టాన్ సగంలోనే మెమరీ అయిపోయిందని ఆగిపోతోంది.
— జేపీ నగర్

జవాబు: కాన్ఫిగ్‌లో పాత్స్ కింద ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం ఇచ్చి ఉంటారు, అది వెండర్ ఫోల్డర్‌ను (బయటివాళ్ల లైబ్రరీలుండేది) కూడా నమిలేస్తోంది. సోర్స్, టెస్ట్స్ ఫోల్డర్లు మాత్రం ఇవ్వండి. వెండర్‌లోని క్లాసుల రకాలు ఆటోలోడర్ ద్వారా ఎలాగూ చదువుకుంటుంది. అప్పటికీ ఆగితే మెమరీ లిమిట్ ఆప్షన్‌లో ఒక జీబీ ఇవ్వండి.